నాన్నకని దాచిన సగం

జనవరి నెల మొదటి ఆదివారం, మధ్యాహ్నం మూడు దాటి పది నిమిషాలు. చప్పుడు వినగానే గోడ గడియారం వైపు చూశాను కాబట్టి ఇంత ఖచ్చితంగా చెప్పగలుగుతున్నాను.

ఉదయం ఆరాధన అయిపోయింది. నేలలో తవ్విన గుంతపొయ్యిలో ఉడికిన చేమదుంపలూ, కొబ్బరిపాలు పోసి ఆకుల్లో చుట్టి వండిన మాంసమూ తిని ఇల్లంతా పడుకుంది. సాయంత్రం నాలుగింటి ఆరాధనకి గంట కొట్టేదాకా మా ఎవువా దీవిలో ఎవరూ లేవరు. టోంగాలో ఆదివారమంటే అంతే. ఓడ కదలదు, దుకాణం తెరవదు, తడిబట్ట తీగ మీద ఆరేసినా పక్కింటివాళ్ళు దగ్గుతారు. పందులు కూడా నీడకి చేరి పడుకుంటాయి.

ఆ రోజు గాలి లేదు. ఇంటి రేకులు ఎండకి చిటపటమంటున్నాయి. పొయ్యి మీద కప్పిన అరటాకులు వాడిన వాసన ఇంకా పెరట్లోంచి వస్తోంది. నా పక్కన చెల్లెలు వీకా నోరు తెరుచుకుని నిద్రపోతోంది. తెర అవతల నాన్న గురక. వంటపాకలో, విందు పనికి సాయమొచ్చిన లోసే పడుకుని ఉండాలి.

అప్పుడు వినిపించింది.

టక్. టక్. టక్.

పెరటి పాకలోంచి. చెట్టు బెరడుని బట్టగా సాగగొట్టే కర్ర దుంగ మీద పడుతున్న చప్పుడు. వారమంతా మా ఊళ్ళో ఆ చప్పుడు మోగుతూనే ఉంటుంది, ఎవరూ తల తిప్పరు. కానీ ఆదివారం ఎవరూ ఆ కర్ర పట్టరు. మా అమ్మమ్మ కాలంలో పట్టలేదు, ఆమె అమ్మమ్మ కాలంలోనూ పట్టలేదు.

నాకు ముందు భయం వేయలేదు. కోపం వచ్చింది. ‘ఈ లోసే అమ్మ చోట్లో కూర్చున్నది చాలక, ఇప్పుడు ప్రభువు దినాన్ని కూడా...’ అనుకున్నాను.

అమ్మ పేరు లేసియేలి. సెప్టెంబరులో పోయింది. ఆ పాకలోనే, ఆ దుంగ ముందే, కర్ర చేతిలో ఉండగానే పక్కకి ఒరిగిపోయింది. ఏదో వెతుక్కోవడానికి వంగిందనుకున్నాం.

బెరడు బట్ట ఒక్కరు చేసేది కాదు. పొడవాటి పలకకి అటూ ఇటూ ఆడవాళ్ళు కూర్చుని, పాడుకుంటూ, సగం ఉడికిన కర్రపెండలం దుంపతో అంచులు అతుకుతారు. అమ్మకి మాత్రం ఎవరి చెయ్యీ నచ్చేది కాదు. ఆ కర్ర మమ్మల్ని కూడా ముట్టుకోనిచ్చేది కాదు. కొట్టడంలో ఆమెకో వరస ఉండేది. మూడు దెబ్బలు బెరడు మీద. కాస్త ఆగి, ఒక్కటి ఉత్తి దుంగ మీద, తేలిగ్గా.

“ఆ నాలుగోది ఎందుకమ్మా? దుంగేమైనా బట్టవుతుందా?” అని చిన్నప్పుడు అడిగాను.

“అది మీ నాన్నకి. నేనిక్కడే ఉన్నానని తెలియాలిగా. లేకపోతే ఎటు పోతాడో ఏమో!”

నాన్న ఇంట్లో ఉంటే నవ్వుకుంటూ వేలితో స్తంభం మీద ఒకసారి కొట్టేవాడు. అదీ జవాబు. నాకు తెలిసినంత కాలం ఆ ఇద్దరి కాపురం ఆ నాలుగో దెబ్బ మీదే నడిచింది.

మా అమ్మకి నాన్న మీద అంత పట్టు. మా నాన్న సేమిసీ గుడి పాటల బృందంలో పాడతాడు. ఒక పండక్కి ఆయన పక్కన నిలబడి పాడే వంతు లోసేకి వచ్చింది. లోసే రేవు దారిలో ఉండే విధవరాలు. మంచి గొంతు. నడుం దాకా జుట్టు. అమ్మ మరుసటి వారం తన వరస వదిలేసి మగాళ్ళ వరసలో, నాన్నకీ లోసేకీ మధ్య నిలబడింది.

“లేసియేలీ, నీ గొంతు ఈ వరసకి సరిపోదమ్మా,” అన్నారు పాస్టరు గారు మెల్లగా.

“సరిపోకపోతే మగగొంతు తెచ్చుకుంటానండీ. ఇక్కణ్ణుంచి మాత్రం కదలను,” అంది. బృందమంతా నవ్వింది. ఆమె నవ్వలేదు.

ఇంకోసారి నాన్న ఎక్కడో విందులో లోసే వంట బాగుందన్నాడట. వారం పాటు ఆయనకి ఉప్పులేని దుంపలే. అడిగితే, “ఉప్పంతా లోసే ఇంట్లో ఉందిగా. వెళ్ళి నాకి రా,” అంది.

అలాంటి మనిషి పోయింది. ఆఖరి ఏడాది ఆమె ఒంటిచేత్తో ఒక బట్ట చేసింది. ఇంటి ఈ గోడ నుంచి ఆ గోడ దాకా పరుచుకునేంత పొడుగు. ఎవరి కోసమో చెప్పలేదు. అందులోనే ఆమెను చుట్టాలని అందరం అనుకున్నాం. కానీ టోకాసే అత్త అడ్డుపడింది. మా నాన్నకి అక్క ఆమె. మా దగ్గర మేనత్త మాటే ఆఖరి మాట. నాన్న అంతటివాడు కూడా ఆమె ముందు నేల మీద కూర్చుంటాడు.

“ఇంత బట్ట మట్టిపాలు చేస్తారా? సగం చాలు,” అంది అత్త. కత్తి తెప్పించి తనే కోసింది.

సమాధి దగ్గర ఆమెకే మనసు పీకినట్టుంది. వంగి, పోయినవాళ్ళతో మాట్లాడినట్టే గట్టిగా చెప్పింది. “ఏమే లేసియేలీ! సగం నీకు, సగం నీ మొగుడికి. పెట్టెలో దాస్తాం. ఆయన వచ్చేటప్పుడు కట్టుకునే వస్తాడు. తొందరపెట్టకు!”

ఏడుస్తున్నవాళ్ళు కూడా నవ్వారు. నేనూ నవ్వాను. మట్టి మీద తెల్ల ఇసుక పోసి, చుట్టూ నల్ల గులకరాళ్ళు పేర్చి వచ్చాం.

ఆ తర్వాత వేసవి మా మీద పడింది. మా దక్షిణపు దీవుల్లో ఎండాకాలం ఏడాది చివర్లోనే వస్తుంది. నవంబరు నుంచి ఊపిరి తీసుకునే తీరిక లేదు. దుంపల తోటలో కలుపు, క్రిస్మసుకి పాటలు, చాపల అల్లిక, పందుల మేత, పెద్ద దీవి నుంచి ఓడ దిగే చుట్టాలు. వీటన్నిటి పైన జనవరి మొదటి వారం. ఆ వారమంతా తెల్లవారుజామునా సాయంత్రమూ ప్రార్థన, ప్రార్థన అవగానే ఒక్కో ఇంటివాళ్ళు సంఘమంతటికీ విందు పెట్టాలి. విందుతో పాటు పాస్టరు గారికి ఒక బెరడు బట్ట పెట్టాలి. ఈసారి మొదటి విందు, సోమవారం పొద్దుటిది, మాదే.

నల్లబట్టల మీద, మా దగ్గర చావింటివాళ్ళు కట్టే పాత చిరుగు చాప నడుముకి కట్టుకుని, దుఃఖం దుఃఖంగానే ఉంచుకుని, చేతులు ఆడించాం. అయినా చేతులు చాలలేదు. అప్పుడు అత్త లోసేని తీసుకొచ్చింది.

“నాలుగు రోజులు సాయముంటుంది,” అంది. తర్వాత నన్ను పక్కకి పిలిచి, “నాలుగు రోజులేమిటే, ఎప్పటికీ ఉంటే మాత్రం ఏం? మగాడు ఒంటరిగా ఉంటే ఎండిపోయిన కొబ్బరిబోండమవుతాడు. ఈ ప్రార్థన వారం కాగానే పాస్టరు గారి చెవిన వేస్తా. ఏడాది నిండాక పెళ్ళి,” అంది.

మాట వినబడేంత దూరంలోనే ఉన్న నాన్న వైపు చూశాను. తన కాళ్ళవైపు చూసుకుంటున్నాడు. మా నాన్న మాట్లాడకుండా ఊరుకుంటే ఒప్పుకున్నట్టే.

లోసే చెడ్డది కాదు. దేవుని సన్నిధిలో రాస్తున్నాను, ఆ మనిషిలో వంక లేదు. వీకా జుట్టు దువ్వేది, నాన్న చొక్కాకి బొత్తాలు కుట్టేది. పని చేస్తూ పాడేది. ఇంట్లో మళ్ళీ పాట వినిపించడం నాకు బాగుండేది. బాగున్న కొద్దీ లోపల ముల్లు గుచ్చుకునేది.

అంత్యక్రియలకి వచ్చినవాళ్ళకి పెట్టడంలోనే మా బెరడు బట్టలన్నీ అయిపోయాయి. పాస్టరు గారికి పెట్టడానికి కొత్తది చేసే వ్యవధి లేదు. బుధవారం అత్త పెట్టె తెరిచింది.

“ఇదిగో, సగం ఉందిగా! లోసే ఇంకో సగం అతుకుతుంది. అమ్మ పనీ కొత్తమ్మ పనీ ఒకే బట్టలో. ఎంత బాగుంటుందో!”

“అత్తా, అది నాన్నకని చెప్పాం. సమాధి దగ్గర మీరే చెప్పారు,” అన్నాను మెల్లగా.

“మీ నాన్నేం ఇప్పుడే పోతున్నాడా? అప్పటికి ఇంకోటి చేద్దాం. పోయినవాళ్ళకి ఇవన్నీ గుర్తుంటాయా?”

“అమ్మకా? అమ్మకి గుర్తుండకపోవడమా!” అని వీకా నవ్వింది. అత్త దాని నెత్తిన ఒక్క మొట్టికాయ వేసింది.

లోసే అమ్మ చోట్లో కూర్చుంది. అమ్మ కర్ర తీసుకుంది. తీసుకునే ముందు నా మొహం చూసి, “సలోమే, నీకిష్టం లేకపోతే మా ఇంటినుంచి కర్ర తెచ్చుకుంటా,” అంది.

“పర్లేదులే వదినా,” అన్నాను. ఏమని పిలవాలో తెలియక ఎప్పుడూ అలాగే పిలిచేదాన్ని.

అతుకు నిలవలేదు. గురువారం అతికింది, శుక్రవారం పొద్దున్నకి ఊడిపోయి ఉంది. దుంప సరిగా ఉడకలేదనుకున్నాం. మళ్ళీ అతికితే మళ్ళీ ఊడింది. చిరగలేదు. గోటితో ఓపిగ్గా ఒలిచినట్టు, అంచు అంచుగా విడిపోయింది. శనివారం లోసే మూడోసారి అతికి, మీద రాళ్ళు బరువు పెట్టింది. అప్పుడు నిలిచింది. సంతోషంగా జుట్టు విప్పుకుని, పూలు తురుముకుని, విందు చోట పోయడానికి ఇసుక తేవాలని సమాధుల దారిన వెళ్ళబోయింది.

“జుట్టు ముడేసుకోవే! పూలు తీసెయ్! ఆ దారిన అలా పోతారా ఎవరైనా?” అని అత్త కేకేసింది. లోసే నవ్వి ముడి వేసుకుంది. పూలు మాత్రం తీయలేదు. సోమవారం విందు పని చాలా ఉందని ఆ రాత్రి మా వంటపాకలోనే ఉండిపోయింది.

ఇదీ ఆదివారానికి ముందు జరిగింది.

నేను లేచి కూర్చున్నాను. వీకా కళ్ళు తెరిచే ఉంది. ఎప్పుడు మేలుకుందో తెలియదు.

“లోసేని ఆపి వస్తా. ఊరంతా వింటారు,” అన్నాను గుసగుసగా.

అది నా చెయ్యి పట్టుకుంది. “అక్కా... లోసే కాదు. విను.”

టక్. టక్. టక్.

ఆగింది.

... టక్.

ఉత్తి దుంగ మీద. తేలిగ్గా.

వీకా గోళ్ళు నా మణికట్టులో దిగాయి. తెర అవతల నాన్న గురక ఆగిపోయింది. ఆ నిశ్శబ్దంలో, ఇంటి లోపల, స్తంభం మీద వేలితో కొట్టిన చప్పుడు... ఒక్కటి.

తెర తొలగించి చూశాను. నాన్న నిద్రపోతున్నాడు. కళ్ళు మూసుకునే ఉన్నాయి. చెయ్యి మాత్రం చాచి ఉంది, వేలు స్తంభానికి ఆనించి.

“నాన్న దగ్గర కూర్చో. చెయ్యి పట్టుకో. వదలకు,” అని వీకాకి చెప్పి బయటికి వచ్చాను.

పెరట్లో ఎండ కళ్ళలో పొడిచింది. నేల కాలిపోతోంది. పాక గుమ్మం దగ్గరికి వెళ్ళేసరికి కాళ్ళకి చల్లగా తగిలింది. లోపలినుంచి వాసన... గంధం కలిపిన కొబ్బరి నూనె. చివరిసారి అమ్మ ఒంటికి మేమే రాసిన నూనె. దాని కింద తడి మట్టి వాసన.

ఎండలోంచి వచ్చిన కళ్ళకి ముందు ఏమీ కనబడలేదు. తర్వాత వీపు కనిపించింది. లోసే. అమ్మ చోట్లో, అమ్మ కూర్చున్నట్టే ఒక కాలు చాపి, ఒక కాలు మడిచి.

“వదినా...”

తిరగలేదు.

టక్. టక్. టక్.

పక్కకి వెళ్ళి చూశాను. చూడకుండా ఉండాల్సింది. ఆమె అతికిన కొత్త సగం ఊడిపోయి మూలన పడి ఉంది. దుంగ మీద ఉన్నది అమ్మ సగం. దాని మీద లోసే జుట్టు పరిచి ఉంది. తల ఒక పక్కకి వంచి, తన జుట్టుని తనే కొడుతోంది. వెంట్రుకలు బెరడులోకి అణిగిపోయాయి. బట్టలో గీసిన నల్లగీతల్లా ఉన్నాయి. ఒక్కో దెబ్బకీ జుట్టు ఇంకాస్త లోపలికి పోతోంది. తల దుంగకి దగ్గరవుతోంది. ఇంకో జానెడు... అంతే ఉంది.

కళ్ళు తెరిచే ఉన్నాయి. రెప్ప పడటం లేదు.

“సలోమే...”

గొంతు లోసేదే. మాట తీరు లోసేది కాదు.

“ఆదివారమని తెలుసే. ఏం చెయ్యను. తొందరగా ఉంది.”

నేల మీద మోకరించాను. ప్రభువు నేర్పిన ప్రార్థన మొదలుపెట్టాను. పుట్టినప్పటినుంచీ వచ్చిన మాటలు. వరస తప్పింది.

“పరాయి బెరడు కలిపారు దీంట్లో. ఒలుస్తుంటే చేతులు నొప్పి.”

టక్. టక్.

“సగమే ఇచ్చారు నాకు... కాళ్ళకి చాల్లేదు. కాళ్ళు బయటే ఉన్నాయే. చలి.”

“అమ్మా...” అన్నాను.

“ఈ సగం మీ నాన్నకి సరిపోతుందా అని చూస్తున్నా. రెండూ కలిపితే ఇద్దరికీ సరిపోతుంది. దగ్గర దగ్గరగా పడుకుంటే.”

మూడో దెబ్బ పడింది. కర్ర మళ్ళీ లేచింది. నాలుగో దెబ్బకి. ఇప్పుడు దుంగ మీద ఉత్తి చోటు లేదు. అక్కడ లోసే చెంప ఉంది.

రెండు చేతులతో ఆ కర్ర పట్టుకున్నాను. బతికుండగా నన్నెప్పుడూ ముట్టుకోనివ్వని కర్ర. మంచులా ఉంది.

“అమ్మా, ఇది నాన్నదే. ఎవరికీ ఇవ్వం. పాస్టరు గారికి ఇవ్వం, ఈవిడకీ ఇవ్వం. నేనున్నాను, నేను కాపలా కాస్తాను. కానీ ఇప్పుడు కాదమ్మా... ఇప్పుడు కాదు.”

“ఎప్పుడు?”

“ప్రభువు పిలిచినప్పుడు.”

లోసే మొహం మెల్లగా నావైపు తిరిగింది. జుట్టు బిగుసుకుని నుదుటి చర్మం లాగుకుపోయింది. పెదవులు చిన్నపిల్ల అలిగినట్టు ముడుచుకున్నాయి. ఉప్పులేని దుంపలు వడ్డించిన రోజు అమ్మ మొహం అది.

“నేను పిలవకూడదా?”

ఆ క్షణంలో గుడి గంట మోగింది. సాయంత్రం ఆరాధనకి మొదటి గంట. కర్ర నా చేతుల్లో బరువెక్కింది. లోసే ఒక్కసారిగా మెత్తబడి దుంగ మీద వాలిపోయింది.

వీకా, అత్త పరుగెత్తుకొచ్చారు. జుట్టు విడదీయాలని చూశాం. రాలేదు. బెరడు ఎక్కడ, వెంట్రుక ఎక్కడ, తెలియలేదు. చివరికి అత్తే కత్తి తెచ్చి జుట్టుని మెడ దగ్గర కోసింది. మా దీవిలో చావింట్లో, పోయినవాళ్ళ దగ్గరివాళ్ళకి జుట్టు కోసినట్టు. అప్పుడు లోసే కళ్ళు ఆర్పింది.

“నిద్రలో ఉన్నాను,” అంది నీరసంగా. “మీ అమ్మ వచ్చి జరగమంది. జరిగాను. ఇంకా జరగమంది...”

అత్త కత్తి కింద పెట్టేసింది.

నాన్న ఆరాధనకి వచ్చాడు. పాడాడు. “ఎవరో నా చెయ్యి పట్టుకున్నట్టుంది నిద్రలో,” అన్నాడు.

“నేనే నాన్నా,” అంది వీకా.

“రెండో చెయ్యి?” అన్నాడు. మేం వినిపించుకోనట్టు నడిచాం.

మరునాడు సోమవారం, ఇంకా చీకటి విడవకముందే లేచాం. లోసే తలకి గుడ్డ చుట్టుకుని వాళ్ళ అన్న ఇంటికి వెళ్ళిపోయింది. వెళ్తూ నన్ను ముద్దుపెట్టుకుంది, ఇంటివైపు మాత్రం తిరిగి చూడలేదు. పాస్టరు గారికి బట్ట లేదని అత్త తన సొంత పెట్టెలోంచి ఒకటి తెచ్చింది. తను పోయినప్పటికని దాచుకున్నది.

తర్వాత ముగ్గురం సమాధి దగ్గరికి వెళ్ళాం. అమ్మ సగాన్ని మడిచి నేను మోశాను. లోసే జుట్టు అందులోనే ఉంది. అత్త తడిగడ్డి మీద మోకరించి, ఇదివరకులా గట్టిగా కాకుండా, చెవిలో చెప్పినట్టు చెప్పింది. “లేసియేలీ, ఇది సేమిసీదే. పెట్టెలోనే ఉంటుంది. మళ్ళీ తీయను.” వీకా ఇంటినుంచి తెచ్చిన దుప్పటిని కాళ్ళ వైపు కప్పింది.

ఇంటికొచ్చి బట్ట పెట్టెలో పెట్టి తాళం వేశాం. పందిని పొయ్యిలోంచి తీయడానికి మగాళ్ళు వచ్చారు. నాన్న అప్పటికే స్నానం చేసి గుడికి వెళ్ళిపోయాడు. నేను ఆయన పక్క సర్దడానికి తెర తొలగించాను.

నాన్న ఎప్పుడూ చాప మధ్యలో కాళ్ళూ చేతులూ చాచి పడుకునే మనిషి. ఆ పొద్దున ఆయన పడుకున్న గుర్తు చాప అంచున ఉంది, సగం నేల మీద. ఎవరికో చోటిచ్చినట్టు. అవతలి సగం మీద, సమాధి మీద పోసినలాంటి తెల్ల ఇసుక, మనిషి పడుకుని లేచినంత మేర.

అత్తని పిలిచాను. చూసింది. దులపొద్దని చేత్తోనే సైగ చేసింది. ఇసుకతోనే ఆ చాప చుట్టి, రెండు వైపులా కట్టి, పెట్టె పక్కన నిలబెట్టాం. గంట మోగుతుంటే తలలు దువ్వుకుని, నడుముకి చాపలు కట్టుకుని, గుడికి బయల్దేరాం.

చాప చుట్టేముందు చూశాను, ఇసుక తల దగ్గర పల్చగానే ఉంది. కాళ్ళ దగ్గర మాత్రం కుప్పగా ఉంది, ఎవరో చలికి కాళ్ళు ముడుచుకుని రుద్దుకున్నట్టు.